నాన్న కొట్టిన కాగితం

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. తొమ్మిది పేజీల ఉత్తరం కాబట్టి కుదించి చెబుతాను.

ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు. తండ్రికి డెబ్బై తొమ్మిది. ఎమర్జెన్సీ పెట్టిన నాటికి ఆయన ఒక జిల్లా కలెక్టరాఫీసులో టైపిస్టు. పక్క వీధిలో ఉండే హైస్కూలు మాస్టారూ ఆయనా ఏరా అంటే ఏరా అనుకునే స్నేహితులు. ఈవిడ ఆ మాస్టారిని మావయ్య అని, ఆయన కూతుర్ని వదిన అని పిలుస్తూ పెరిగారు. మావయ్య ఏ పార్టీలోనూ లేరు. ఉపాధ్యాయ సంఘం మీటింగుల్లో మాత్రం గట్టిగా మాట్లాడేవారు. 1975 జులైలో ఒక రాత్రి పోలీసులు వచ్చి మీసా కింద, అంటే విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద, తీసుకుపోయారు. పంతొమ్మిది నెలల తర్వాత, 1977 ఫిబ్రవరిలో ఇంటికి వచ్చారు. ఆ పంతొమ్మిది నెలలూ ఆ ఇంటికి బియ్యం వేయించిందీ, వదిన స్కూలు ఫీజు కట్టిందీ ఈవిడ తండ్రే. మావయ్య నాలుగేళ్ల కిందట కన్నుమూశారు.

ఎమర్జెన్సీకి యాభై ఏళ్లు నిండాయని వదిన తన తండ్రి గురించి చిన్న పుస్తకం వేయిస్తోంది, బంధువులకూ శిష్యులకూ పంచడానికి. "బాబాయ్, మీరో పేజీ రాయాలి" అని అడిగింది. ఆయన సరేనన్నారు. రోజూ పొద్దున్నే ప్యాడ్ తీసి, పైన తారీఖు వేసి, కాసేపు కూర్చుని, ఆ కాగితం చింపేస్తున్నారు. నెలలు గడిచాయి. ఈలోగా ట్రంకు పెట్టె సర్దుతుంటే ఎల్.ఐ.సి. బాండ్ల మధ్య ఈవిడకు ఒక పల్చటి కాగితం దొరికింది. సైక్లోస్టైల్ చేసిన, అంటే స్టెన్సిల్‌తో కాపీలు తీసిన, నిర్బంధ ఉత్తర్వు. ఖాళీల్లో మావయ్య పేరు టైపు చేసి ఉంది. ఆయన తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడితే అడ్డంగా కొట్టేశారు. అడిగితే నాన్న, "నేనే కొట్టాను. వాణ్ణి తీసుకెళ్లడానికి ముందు సాయంత్రం" అన్నారట. కాసేపాగి, "గవర్నమెంటు ఆర్డరమ్మా, నేనేం చెయ్యను" అని గోడ వైపు తిరిగి పడుకున్నారట.

అన్నయ్య కాల్చెయ్యమంటున్నాడు. ఆ రోజుల్లో అది చట్టమే, సుప్రీంకోర్టు కూడా సరేనంది, నాన్న తప్పేమీ లేదంటున్నాడు. సర్కారు కాగితం ఇంట్లో ఉంటే నేరమని, నాన్న పెన్షనుకు ఎసరొస్తుందని భర్త భయం. వదినేమో రెండు రోజులకోసారి ఫోన్ చేసి "బాబాయ్ రాశారా?" అని అడుగుతోంది. "నాన్నను ఏమనుకోవాలి? వదినకు చెప్పాలా, వద్దా? ఆ కాగితం ఏం చెయ్యాలి?" ఇవీ ఆవిడ అడిగినవి.

అమ్మా,

ముందు మీవారి టెన్షన్ సంగతి తేల్చేద్దాం. మీ చేతికి దొరికింది ఉత్తర్వు కాదు, పాడైపోయిన చిత్తు కాగితం. నంబరు, సంతకం, ముద్ర లేవని మీరే రాశారు. మీసా చట్టాన్ని 1978లో రద్దు చేశారు. అది అమల్లో ఉన్నప్పుడు కూడా, దాని కింద సద్భావంతో చేసిన పనుల మీద దావాలు, కేసులు నడవవని ఆ చట్టమే రాసుకుంది. టైపిస్టు మీద అసలే నడవవు. ఇక పెన్షను. రిటైరైన మనిషి మీద శాఖాపరమైన విచారణ మొదలుపెట్టాలంటే ఆ సంఘటన జరిగి నాలుగేళ్లు దాటకూడదని పెన్షన్ నిబంధనలే చెబుతున్నాయి. ఇక్కడ యాభై ఏళ్లు దాటాయి. మీవారిని నిశ్చింతగా నిద్రపొమ్మనండి.

అన్నయ్య మాట అంత తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. నిజానికి మీ నాన్నగారు గోడ వైపు తిరిగి అన్న మాట కూడా అదే. అందుకని దాన్ని కొంచెం విప్పి చూద్దాం.

1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించారు. 27న ఇంకో ఉత్తర్వు వచ్చింది. రాజ్యాంగంలోని 14, 21, 22 అధికరణాల కింద, అంటే సమానత్వం, ప్రాణం, స్వేచ్ఛ, అరెస్టయినవాడికి ఉండే రక్షణల కోసం, ఎవరూ కోర్టుకు వెళ్లడానికి లేదని. 29న మీసాకు 16ఎ అనే సెక్షన్ కలిపారు. దాని ప్రకారం మనిషిని ఎందుకు లోపల వేశారో అతనికి చెప్పక్కర్లేదు. నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలి ముందు పెట్టక్కర్లేదు. నాలుగు నెలలకోసారి ప్రభుత్వమే ఫైలు తిరగేసి "ఇంకా ఉండాల్సిందే" అనుకుంటే చాలు. మీ మావయ్యను జులైలో తీసుకెళ్లారు కాబట్టి ఈ మూడూ అప్పటికే అమల్లో ఉన్నాయి. కాగితాల లెక్కన అంతా చట్టప్రకారమే. ఎమర్జెన్సీలో జరిగిన అన్యాయాల్లో ఎక్కువ భాగం చట్టాన్ని పక్కనపెట్టి చేసినవి కావు. చట్టాన్ని చేతిలో పట్టుకుని చేసినవే.

సుప్రీంకోర్టు సరేనన్నదీ నిజమే. ఏడీఎం జబల్‌పూర్ కేసులో, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధితుడు విడుదల కోసం కోర్టుకు వెళ్లడానికి లేదని తేల్చింది. నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్క జస్టిస్ ఖన్నా ఒకవైపు. అయితే అన్నయ్యగారు తారీఖులు చూసుకోలేదు. మీ నాన్నగారు టైపు కొట్టింది 1975 జులైలో. తీర్పు వచ్చింది తొమ్మిది నెలల తర్వాత. ఈ మధ్యలో తొమ్మిది హైకోర్టులు, ఎమర్జెన్సీ అయినా సరే, నిర్బంధ ఉత్తర్వు ఆ చట్టం ప్రకారమైనా ఉందో లేదో మేం చూస్తామన్నాయి. ఆ సాయంత్రం మీ నాన్నగారి చేతిలో సుప్రీంకోర్టు అండ లేదు. అది తర్వాత వచ్చి చేరింది.

ఆ కేసు వాదనల్లో జస్టిస్ ఖన్నా ప్రభుత్వం తరఫున వాదిస్తున్న అటార్నీ జనరల్‌ను ఒక మాట అడిగారు. ఒక పోలీసు సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే అప్పుడు కూడా కోర్టు ఏమీ చెయ్యకూడదా అని. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం తన వాదన ప్రకారం దారి లేదనే ఆయన జవాబిచ్చారు. అది విన్నాక కూడా నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపే రాశారు. ఒప్పుకోని ఖన్నాను 1977 జనవరిలో పక్కనపెట్టి ఆయనకన్నా జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేశారు. ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ భగవతి 2011లో అది పొరపాటేనని క్షమాపణ అడిగారు. ఇంకొకరు వై.వి. చంద్రచూడ్. 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కు కేసులో, ఏడీఎం జబల్‌పూర్ తీర్పు చెల్లదని రాసినవారిలో ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్ ఉన్నారు. తండ్రి రాసిన కాగితం కొడుకు చేతికి రావడం మీ ఇంట్లోనే మొదటిసారి జరగలేదమ్మా.

కాబట్టి "అప్పట్లో అది చట్టం" అన్నదాంతో, మీ నాన్నగారు శిక్షకు అర్హులా అన్న ప్రశ్న మాత్రమే తీరుతుంది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన ప్యాడ్ ముందు కూర్చుని చింపేస్తున్నది వేరే దేనికో.

ఆ కాగితాన్ని ఒకసారి వకీలు కళ్లతో చూడనివ్వండి. ఫలానా వ్యక్తి బయట ఉంటే శాంతిభద్రతలకు ముప్పు అని అధికారి స్వయంగా ఆలోచించి, తృప్తి పడి, అప్పుడు సంతకం చెయ్యాలి. చట్టంలో ఆ ఒక్క మాటే పౌరుడికి మిగిలిన రక్షణ. మీ దగ్గరున్న కాగితంలో ఆ "తృప్తి పడి" అన్న వాక్యం సైక్లోస్టైల్‌లో ఉంది. పేరు ఒక్కటే టైపులో ఉంది. సైక్లోస్టైల్ సిరా వెలిసిపోయి, పేరు మాత్రం ఇంకా నల్లగా కనిపిస్తోందని మీరు రాసింది చదివి నేను కాసేపు ఉత్తరం పక్కనపెట్టాను. తృప్తి ముందే తయారైపోయింది, వందల కాపీలు. ఎవరి గురించి అన్నది తర్వాత నింపుకున్నారు. దేశం మొత్తం మీద మీసా కింద 34,988 మందిని, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మందిని పట్టుకున్నట్టు, ఎమర్జెన్సీ అకృత్యాల మీద విచారణ జరిపిన షా కమిషన్ తేల్చింది. ఇన్ని వేల ఉత్తర్వులు ఒక్కో మనిషి గురించీ ఆలోచించి రాసేవి కావు.

ఢిల్లీలో జేఎన్‌యూ విద్యార్థి సంఘం అధ్యక్షుడనుకుని ఇంకో విద్యార్థిని కారులో ఎక్కించుకుపోయారు. పొరపాటని తెలిశాకైనా వదల్లేదు. అతని పేరు మీదే మీసా ఉత్తర్వు తయారైంది. ఏడాది జైల్లో ఉన్నాడు.

ఇప్పుడు మీ నాన్నగారి సీటు దగ్గరికి వద్దాం. పేర్ల జాబితా పోలీసుల నుంచి వస్తుంది. కాన్ఫిడెన్షియల్ సెక్షన్‌లో ఒకరు ఫైలు పెడతారు. టైపిస్టు ఖాళీలు నింపుతాడు. అధికారి సంతకం పెడతాడు. కానిస్టేబులు తలుపు కొడతాడు. జైలరు తాళం వేస్తాడు. ప్రతివాడి చేతిలోనూ ఒక్క కాగితమే ఉంటుంది, నేను ఆపితే మాత్రం ఆగుతుందా అని ప్రతివాడూ అనుకుంటాడు. నిజమే, ఆగదు. మీ నాన్నగారు వేళ్లు నొప్పిగా ఉన్నాయని లేచి వెళ్లిపోతే పక్క సీటాయన కొట్టేవాడు. అందువల్ల "నాన్నే మావయ్యను జైలుకు పంపాడు" అని మీరు మూడో పేజీలో రాసిన మాట కొట్టేసుకోండి. అది అన్యాయం. నిర్బంధించే అధికారం ఆయన దరిదాపుల్లో కూడా లేదు.

కానీ అమ్మా, ఆయన టైపు కొట్టడం ఆపలేకపోయినా, ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిలో పక్క వీధిలోకి మలుపు తిరగొచ్చు. మీరు ఉత్తరంలో ఎక్కడా రాయకుండా, చుట్టూ తిరిగిన ప్రశ్న ఇదే కదా?

దానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఆ మలుపు తిరగడం చాలా పెద్ద మాట. ఆఫీసు రహస్యం బయటపెట్టిన ఉద్యోగిని, రాజ్య భద్రత పేరు చెప్పి, విచారణ లేకుండానే ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి రాజ్యాంగంలోనే 311వ అధికరణంలో వీలుంది. మీసా ఖాళీలో ఆయన పేరే పడొచ్చు. అప్పుడాయనకు ఇరవై తొమ్మిదేళ్లు, ఇంట్లో తల్లిదండ్రులు, పెళ్లి కావాల్సిన చెల్లెళ్లు అని మీరే రాశారు. మావయ్యకు కబురంది ఊరొదిలి వెళ్లి ఉంటే ఏమయ్యేదో కూడా ఎవరూ చెప్పలేరు. అజ్ఞాతంలోకి పోయినవాడి ఇంటి మీద పడటం ఆ రోజుల్లో మామూలే. ఇన్ని తెలిసినా, ఆయన భయపడటం సహజం అంటాను గానీ, సరైన పనే చేశారు అనలేను. ఆయన కూడా అలా అనుకోవడం లేదు. అనుకుని ఉంటే ఆ పేజీ ఎప్పుడో రాసిచ్చేవారు.

నా సంగతి ఒకటి చెబుతాను. 1976లో నేను ఒక సీనియర్ దగ్గర జూనియర్‌ని. ఏప్రిల్ తీర్పు వచ్చాక మా ఆఫీసులో ఉన్న హెబియస్ కార్పస్ ఫైళ్లన్నీ, అంటే నిర్బంధంలో ఉన్నవాళ్లను కోర్టు ముందుకు తెమ్మని వేసిన పిటిషన్లన్నీ, తాడు కట్టి బీరువా పైకెక్కించాం. అలా నిర్బంధంలో ఉన్న ఒకాయన భార్య ప్రతి సోమవారం వచ్చేది. వరండాలో బల్ల మీద కూర్చుని "వాయిదా ఎప్పుడు బాబూ?" అని అడిగేది. ఇక వాయిదాలు లేవని చెప్పి రమ్మని సీనియర్ నన్ను పంపాడు. నేను వెళ్లి, "వచ్చే వారం చూద్దామమ్మా" అన్నాను. ఆవిడ వచ్చే వారం వచ్చింది. ఆ పై వారం కూడా వచ్చింది. ఆ రెండు సోమవారాలకు నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఏ చట్టమూ అడ్డు లేదు. నాకు నోరు రాలేదు, అంతే. అందుకే మీ నాన్నగారి మీద తీర్పు చెప్పే సీట్లో కూర్చోలేను.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. మీరు దాన్ని ఏడో పేజీలో సరదా ముచ్చటలా రాసి వదిలేశారు. మావయ్య ట్రాన్స్‌ఫర్ అర్జీలు, సంఘం లేఖలు మీ నాన్నగారే ఆఫీసు అయ్యాక ఆఫీసు మిషన్ మీదే కొట్టిపెట్టేవారట. ఆ మిషన్‌లో ఇంగ్లిషు "ఆర్" అక్షరం గీత మీద నిలవక కొంచెం పైకి ఎగిరి పడేదట. "మీ నాన్న ఆర్ గంతులేస్తుందే" అని మావయ్య మిమ్మల్ని చిన్నప్పుడు నవ్వించేవారట. పాత కాగితాలు చూపించి మరీ.

16ఎ సెక్షన్ ప్రకారం మీసా ఖైదీకి కారణాలు చెప్పక్కర్లేదు. ఉత్తర్వు మాత్రం అతనికి అందజెయ్యాలి. అంటే ఆ రాత్రో మర్నాడో, తప్పు దిద్ది మళ్లీ కొట్టిన కాగితం మీ మావయ్య చేతికి వచ్చే ఉండాలి. అందులో ఆయన పేరు ఉంది. ఆ పేరులో ఆర్ ఉందని మీరే రాశారు.

ఆయనకు తెలుసు అని ఖాయంగా అనను. ఆ మిషన్ మీద ఇంకెవరో కొట్టి ఉండొచ్చని అనుకుని ఉండొచ్చు. ఆ రాత్రి వేళ అక్షరాలు చూసే స్థితిలో లేకపోవచ్చు. కానీ జైల్లో పంతొమ్మిది నెలలున్న మనిషి తన పేరున్న కాగితాన్ని ఎన్నిసార్లు చూసుకుని ఉంటాడో ఆలోచించండి. మీరు పుట్టిందే ఆయన బయటికొచ్చాక కదా. ఆయన ఆ ఆర్ ముచ్చట మీకు చెప్పింది జైలు నుంచి వచ్చాకే. మీ ఇంట్లో కూర్చుని, మీ నాన్నగారు వింటుండగా. అది క్షమించడమో, దెప్పిపొడుపో, ఊరికే నవ్వో నాకు తెలీదు. ఆ గదిలో ఉన్న ఇద్దరిలో మిగిలింది మీ నాన్నగారు ఒక్కరే. ఆ ముచ్చట చెప్పినప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో మీకు గుర్తుందా?

ఇక ఏం చెయ్యాలి అన్నది. నేను నిర్ణయించను. ఒక్కో దారి ఎటు పోతుందో మాత్రం చెబుతాను.

కాల్చేస్తే ఆ పూటకు అందరికీ తేలిక. కానీ మీరు చూశారు, అన్నయ్య చూశాడు, మీవారు చూశారు. పెళ్లిలోనో కర్మకాండలోనో ఎప్పుడో ఎవరి నోటో జారుతుంది. అప్పుడు వదిన వినేది "మీ నాన్నను వాళ్ల నాన్న పట్టించాడట" అన్న వక్రీకరించిన మాట. అది అబద్ధమని చూపించే కాగితం అప్పటికి బూడిదై ఉంటుంది. ఇంకో సంగతి, కలెక్టరాఫీసులో అసలు ఫైలు ఉందో లేదో. ఫైలు ముగించేటప్పుడు దాని మీద ఆర్.డిస్ అనే గుర్తు వేసి ఉంటే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ అనే గుర్తయితే పదేళ్లకు చించెయ్యొచ్చు. ఆ సంగతి మీ నాన్నగారికి నాకన్నా బాగా తెలుసు. ఫైలు పోయి ఉంటే మీ ట్రంకు పెట్టెలోని చిత్తు కాగితమే మిగిలింది.

మీరే వెళ్లి వదినకు చెప్పెయ్యడం ఇంకో దారి. తన తండ్రికి ఏం జరిగిందో తెలుసుకునే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది, ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ మీరు చెబితే ఆమె అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు. జాబితా ఎవరిచ్చారు? బాబాయ్ ఆ రాత్రి ఎక్కడున్నారు? మర్నాడు మా ఇంటికొచ్చి అమ్మను ఓదార్చినప్పుడు ఆయనకు తెలుసా? వీటికి జవాబులు మీ నాన్నగారి దగ్గరే ఉన్నాయి. పైగా ఆయన బతికుండగా, మతి స్థిమితంగా ఉండగా, ఆయన చెప్పాల్సింది మీరు చెప్పేస్తే ఆయనకు మిగిలిన ఒక్క పనీ మీరు లాగేసుకున్నట్టే. ఆయన ససేమిరా అంటేనో, ఆరోగ్యం దెబ్బతింటేనో అప్పుడు ఆలోచించండి. అప్పుడైనా కాగితంలో ఉన్నంతే చెప్పండి, ఊహలు కలపొద్దు.

ఆయనే చెప్పడం మూడో దారి. నా మొగ్గు ఇటే. కానీ పుస్తకంలో పేజీగా కాదు, ముందు నోటితో, వదిన ఎదురుగా. అచ్చులో చూసి తెలుసుకోవడం కన్నా ఘోరం లేదు. దీని ఖర్చు మాత్రం తెలుసుకుని అడుగు వెయ్యండి. ఆమె వెంటనే అర్థం చేసుకోకపోవచ్చు. కొన్నాళ్లు ఫోన్ ఎత్తకపోవచ్చు. ముఖ్యంగా ఆ బియ్యం, ఆ ఫీజు. ఇన్నాళ్లూ ప్రేమ అనుకున్నది పాపపరిహారమా అన్న ప్రశ్న ఆమెకు వచ్చి తీరుతుంది. దానికి మీరు వకాల్తా తీసుకుని మాట్లాడొద్దు. ఆ రెండూ కలిసే ఉండి ఉంటాయి. ఎంత పాలు ఏదో మీ నాన్నగారే చెప్పలేరేమో.

చెప్పాక దాన్ని అచ్చు వెయ్యాలా వద్దా అన్నది వదిన ఇష్టం, ఆమె తండ్రి పుస్తకం అది. వేస్తే ఒక్క జాగ్రత్త. సంఘంలో ఫలానా మాస్టారు పోలీసులకు ఉప్పందించాడనే అనుమానం ఆ ఇంట్లో ఎప్పట్నుంచో ఉందని రాశారు. ఆధారం లేకుండా ఆ పేరు అచ్చు వెయ్యొద్దని చెప్పండి. పరువునష్టం సంగతి అటుంచి, కారణం చెప్పకుండా ఒక మనిషి మీద ముద్ర వెయ్యడం ఎలా ఉంటుందో ఆ కుటుంబానికి వేరే చెప్పక్కర్లేదు. నిజంగా తెలుసుకోవాలనుకుంటే ఆమె సమాచార హక్కు చట్టం కింద కలెక్టరాఫీసుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన సంగతులకు ఆ చట్టంలో చాలా మినహాయింపులు వర్తించవు. ఫీజు పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. "రికార్డు లభ్యం కాలేదు" అనే జవాబుకు కూడా సిద్ధపడి పెట్టమనండి. ఫైలు నంబరు పద్ధతి, ఏ సెక్షన్‌లో అడగాలి అన్నది మీ నాన్నగారు కూర్చోబెట్టి చెప్పగలరు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ దరఖాస్తు రాసుకునే రోజు వస్తే బావుణ్ణు అని నాకుంది గానీ, అది నా కోరిక మాత్రమే.

నాన్నగారితో ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. "ఎందుకు చేశావు" అని మాత్రం అడగొద్దు. దానికి ఆయన దగ్గర యాభై ఏళ్లుగా సిద్ధంగా ఉన్న జవాబు ఒకటుంది, గవర్నమెంటు ఆర్డరు అని. ఇంకేదీ బయటికి రాదు. "ఇది ఎందుకు దాచావు నాన్నా?" అని అడగండి. పాడైన కాగితం చింపి బుట్టలో వెయ్యడం టైపిస్టుకు చేతి అలవాటు. అదీ కాన్ఫిడెన్షియల్ కాగితం. ఆ రోజు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని గేటు దాటడమే ఆయన ఉద్యోగానికి ముప్పు. ఆయన ఆ పని చేశారు. స్నేహితుడి ఇంటికి వెళ్లే ధైర్యం లేకపోయింది గానీ, దాన్ని చింపెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ముందే తయారుచేసుకున్న జవాబు ఉండదు. టైము తీసుకుంటారు. తీసుకోనివ్వండి. వదినతో, ఇంకో నెల పడుతుందని, పేజీ రాకముందు బాబాయ్ నీతో మాట్లాడాలనుకుంటున్నారని చెప్పండి. అది అబద్ధం కాకుండా చూసుకోవాల్సింది మీరే. నాలా వచ్చే వారం, వచ్చే వారం అనొద్దు.

మీ అబ్బాయి అడిగాడన్న ప్రశ్న మిగిలింది, ఇప్పుడైతే ఇలా కుదరదు కదా అని. కొంత కుదరదు. రాజ్యాంగానికి చేసిన 44వ సవరణ తర్వాత ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాలను పక్కనపెట్టడానికి లేదు. "అంతర్గత కల్లోలం" అన్న సాకు తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు. కానీ విచారణ లేకుండా నిర్బంధించే అధికారం రాజ్యాంగంలో ఇప్పటికీ ఉంది. సలహా మండలి అభిప్రాయం లేకుండా లోపల ఉంచగలిగే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గిస్తూ అదే సవరణలో రాసిన భాగాన్ని ఇంతవరకూ అమల్లోకే తేలేదు. బాబుకు ఆసక్తి ఉంటే తాతగారినే అడగమనండి, ఆ ఫారంలో ఖాళీలు ఎక్కడెక్కడ ఉండేవో ఆయనకింకా గుర్తుండే ఉంటుంది.

కాగితం సంగతి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకుని, రెండు తెల్ల కాగితాల మధ్య మడతల్లేకుండా పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. గుండుసూది గుచ్చొద్దు. ఎక్కడ పెట్టారో నాన్నగారికి చెప్పి పెట్టండి.